కొర్రమీనుకు సొంత రాడ్: బ్లాంక్ ఎంపిక నుంచి పుట్టి పడవ ఎక్కేదాకా

కర్నూలు, కడప, అనంతపురం కుర్రాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగేవి మూడు ప్రశ్నలు. బాస్ చేప కోసం చేసిన గాలపు రాడ్ మన కొర్రమీనుకు పనికొస్తుందా? రాడ్ సొంతంగా కట్టుకోవాలంటే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? బోటు కొనాలా, అక్కర్లేదా?

మొదటిదానికి జవాబు ఇక్కడే చెప్పేస్తాను. లార్జ్‌మౌత్ బాస్ ఉత్తర అమెరికా చేప. మన చెరువుల్లో ఉండదు. కానీ అది దాక్కునే తీరు, వేటాడే తీరు కొర్రమీనుకు బాగా దగ్గర. రెండూ నాచు పక్కన, మొద్దుల చాటున కాపు కాసి, నీటి మీద కదిలిన కప్పను ఒక్క ఉదుటున అందుకుంటాయి. అందుకే మీడియం హెవీ (గట్టిదనంలో మీడియం కన్నా ఒక మెట్టు పైది) బాస్ రాడ్ కొర్రమీనుకు చక్కగా సరిపోతుంది. అలాగని బాస్ అని రాసి ఉన్న ప్రతి రాడ్డూ సరిపోదు.

మిగతా రెండింటికి జవాబు కింద వరుసగా ఉంది. వరుస మాత్రం తప్పొద్దు. ఇంట్లో కట్టిన రాడ్లు చెడిపోయేది ఎక్కువగా తొందరలో ఒక మెట్టు దాటేసినప్పుడే.

## 1. ముందు మీ నీళ్లేవో తేల్చుకోండి

బ్లాంక్, అంటే రాడ్డుకు మూలమైన కడ్డీ, కొనకముందే మీరు ఎక్కువసార్లు వెళ్లే నీళ్లేవో కాగితం మీద రాసుకోండి. రాడ్ ఎంత గట్టిగా ఉండాలో చెప్పేది ఆ నీళ్లే.

గుర్రపు డెక్క, తుంగ నిండిన చెరువైతే చేప పడిన మరుక్షణం దాన్ని పైకి లేపి లాగేయాలి. ఒక్క క్షణం సందిచ్చినా తలను నాచులోకి దూర్చేస్తుంది, ఇక రాదు. అక్కడ గట్టి రాడ్, లావు లైను (గాలం తాడు) తప్పవు.

కేసీ కాలువ, తుంగభద్ర ఎగువ కాలువ లాంటివైతే నీళ్లు పారుతుంటాయి, నాచు తక్కువ, గట్టు ఎత్తు. అక్కడ 7 అడుగుల మీడియం రాడ్ హాయిగా ఉంటుంది.

వెలుగోడు, అవుకు, మైలవరం, పెన్నహోబిలం లాంటి జలాశయాల్లో దూరం విసరాలి, ఎదురుగాలి ఉంటుంది. కొర్రమీనుతో పాటు వాలుగ కూడా తగలొచ్చు. రాడ్ పొడవు పెంచితే అక్కడ లాభం.

మూడు చోట్లకూ తిరిగేవాళ్లు మొదటి రాడ్డుగా 7 అడుగుల మీడియం హెవీ కట్టుకోండి. అన్నిటికీ ఒకే రాడ్ కాలేదు గానీ, ఇది తక్కువ చోట్ల ఇబ్బంది పెడుతుంది.

## 2. బ్లాంక్ మీద చూడాల్సినవి

బ్లాంక్ అంటే గైడ్లు (లైను పోయే రింగులు), పిడి ఏమీ లేని ఉత్త కడ్డీ. గ్రాఫైట్‌ది, అంటే కార్బన్ పోగులది, తేలిక, చేప ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది, దెబ్బ తగిలితే పగులుతుంది. గ్లాస్ ఫైబర్‌ది బరువు, మొండిది. కప్ప ఎరతో ఆడేవాళ్లకు గ్రాఫైట్ మేలు.

కొనేటప్పుడు ఇవి చూడండి:

- పొడవు: 6 అడుగుల 6 అంగుళాల నుంచి 7 అడుగులు.
- బలం: మీడియం హెవీ. డెక్క దట్టంగా ఉంటే హెవీ.
- వంగే తీరు: ఫాస్ట్, అంటే బరువు పడితే పై భాగమే ముందు వంగేది. చేపకు ముల్లు దించడానికి ఇదే కావాలి.
- ఎర బరువు: 7 నుంచి 21 గ్రాములు. కొన్నిటి మీద ఔన్సుల్లో పావు నుంచి ముప్పావు అని ఉంటుంది. రెండూ ఒకటే.
- ముక్కలు: రెండు.

చివరిదాని మీద వాదించేవాళ్లు ఉన్నారు. ఒకే ముక్క రాడ్ చేతికి బాగుంటుంది, నిజమే. కానీ మనలో చాలామంది వెళ్లేది బైకు మీదో, పల్లెవెలుగు బస్సులోనో. 7 అడుగుల కడ్డీని బస్సు తలుపులో విరగ్గొట్టుకునే కన్నా రెండు ముక్కలదే నయం.

బ్లాంక్ ఇంటికి రాగానే ఎండలో పట్టుకుని వేలితో నిలువునా తడమండి. గీత, గుంట, తెల్లటి మచ్చ కనిపిస్తే అప్పుడే వెనక్కి పంపేయండి. రెండు ముక్కలూ కలిపి ఊపండి. టకటకమంటే అతుకు వదులుగా ఉన్నట్టు.

## 3. సామాను, పనిచేసే చోటు

- లైను చుట్టుకునే రీలును రాడ్డుకు పట్టి ఉంచే రీల్ సీటు (సైజు 16 లేదా 17), పిడికి ఈవీఏ ఫోమ్ లేదా కార్క్
- గైడ్లు 8, కొనకు తగిలించే చివరి రింగు (టిప్) 1, ఒకట్రెండు అదనంగా
- 'A' సైజు నైలాన్ దారం
- పిడి అతికించడానికి నిదానంగా గట్టిపడే ఎపాక్సీ (రెండు సీసాలు కలిపి వాడే జిగురు), దారం మీద పూతకు రాడ్ ఫినిష్ ఎపాక్సీ (ఇవి రెండూ వేరు)
- మాస్కింగ్ టేపు, కొత్త బ్లేడ్లు, సన్న ఆకురాయి, 220 నంబరు గరుకు కాగితం
- స్పిరిట్, పాత కాటన్ గుడ్డ, మెత్తటి బ్రష్షులు
- స్పిరిట్ దీపం
- అట్టపెట్టె

అట్టపెట్టె ఎందుకంటే, దాని రెండు గోడలకు వీ ఆకారంలో గాడి కోస్తే అదే మీ దారం చుట్టే బల్ల. దారం ఉండను గాజు గ్లాసులో వేసి, దారాన్ని ఒక లావు పుస్తకం పేజీల మధ్య నుంచి రానివ్వండి. పుస్తకం మీద బరువు పెంచితే బిగువు పెరుగుతుంది.

పూత ఆరేటప్పుడు రాడ్ తిరుగుతూ ఉండాలి. దానికి వేరే మిషను కొనక్కర్లేదు. ఎయిర్ కూలర్లో గాలి రెక్కల్ని అటూ ఇటూ ఊపే చిన్న స్వింగ్ మోటారు ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో దాని మీదే రాసి ఉంటుంది. 5, 6 చుట్లు తిరిగేది తీసుకోండి. అది నేరుగా ఇంటి కరెంటు మీద నడుస్తుంది కాబట్టి వైర్ల అతుకుల మీద ఇన్సులేషన్ టేపు గట్టిగా చుట్టండి. వైరింగ్ రాకపోతే తెలిసినవాళ్ల చేత చేయించండి.

గది విషయంలో మన సీమకు ప్రత్యేకంగా రెండు జాగ్రత్తలు కావాలి. దుమ్ము, ఎండ. వైశాఖ జ్యేష్ఠాల్లో సాయంత్రం లేచే గాలికి తలుపు సందులోంచి వచ్చే మన్ను చాలు, తడి పూతంతా గరుకు కాగితంలా మారిపోతుంది. పూత వేసే ముందు నేల తడిగుడ్డతో తుడిచి, ఫ్యాను ఆపి, కిటికీ మూయండి. నీళ్లు పోసిన కూలర్ కూడా వద్దు. ఆ తేమకు పూత పాలు కలిసినట్టు తెల్లబారుతుంది.

## 4. బ్లాంక్ ఒంపు, వెన్ను పట్టుకోవడం

ఏ కడ్డీ కూడా అచ్చంగా తిన్నగా ఉండదు. లావు చివరను కంటి దగ్గర పెట్టుకుని కొన వైపు చూస్తూ మెల్లగా తిప్పండి. ఒంపు ఏ వైపు ఉందో కనిపిస్తుంది. అక్కడ టేపు ముక్క అంటించండి.

తర్వాత వెన్ను. లావు చివరను నున్నటి గచ్చు మీద ఆనించి, కొనను ఒక అరచేతిలో వదులుగా పట్టుకుని, రెండో చేత్తో మధ్యలో నొక్కి వంచుతూ దొర్లించండి. ఒకచోట కడ్డీ తనంతట తానే టక్కున తిరిగి నిలబడుతుంది. అదీ గుర్తు పెట్టుకోండి. రెండు ముక్కలకూ విడివిడిగా చేయాలి.

గైడ్లు వెన్ను ప్రకారం పెట్టాలా, ఒంపు ప్రకారం పెట్టాలా అన్నది పాత తగాదా. నా మాట: ఒంపుకే మొదటి పీట వేయండి. ఒంపు పైకో కిందికో ఉండేలా గైడ్ల వరుస పెట్టండి, పక్కకు మాత్రం రాకూడదు. చేప లాగుతున్నప్పుడు రాడ్ మెలి తిరగడానికి వెన్ను కన్నా గైడ్లు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నదే పెద్ద కారణం. వెన్ను చూసి పక్క ఒంపుతో కడితే మాత్రం ప్రతి విసురూ కంటికి వంకరగానే కనిపిస్తుంది.

రెండు ముక్కల బ్లాంక్‌లో బయట ఉండే అతుకు మూతి మీద దారం చుట్టడం మర్చిపోవద్దు. అంగుళం నుంచి అంగుళమున్నర దాకా చుట్టాలి. ఇది అందానికి కాదు. ఈ చుట్టు లేకపోతే గట్టిగా విసిరినప్పుడు మూతి నిలువునా చీలుతుంది.

## 5. పిడి, రీల్ సీటు

పిడి పొడవు కొలవడానికి టేపు కన్నా మీ చెయ్యే నయం. రీల్ సీటు ఉండే చోట పట్టుకుని మోచెయ్యి మడిచి చూడండి. రాడ్ చివర మోచేతిని కొద్దిగా దాటాలి. 7 అడుగుల రాడ్డుకు చాలామందికి 9, 10 అంగుళాలు వస్తుంది. పుట్టిలోనో కయాక్‌లోనో కూర్చుని ఆడేవాళ్లు అంగుళమో రెండంగుళాలో తగ్గించుకోండి. లేకపోతే ప్రతిసారీ అది లైఫ్ జాకెట్‌కు తట్టుకుంటుంది.

ఫోమ్ రంధ్రం చిన్నదిగా ఉంటే విరిగిన పాత రాడ్ ముక్కకు గరుకు కాగితం చుట్టి, దాంతో తిప్పుతూ కొద్దికొద్దిగా పెద్దది చేయండి. చేత్తో తోస్తే కాస్త బిగువుగా దిగాలి.

రీల్ సీటు లోపలి రంధ్రం బ్లాంక్ కన్నా పెద్దది. ఆ సందు నింపడానికి మాస్కింగ్ టేపును బ్లాంక్ మీద మూడు పట్టీలుగా చుట్టండి. పట్టీల మధ్య ఖాళీ వదలండి. ఎపాక్సీ ఆ ఖాళీల్లోకి దిగి, బ్లాంక్‌నూ సీటునూ కలిపి పట్టుకుంటుంది. పొడవునా టేపే చుట్టేస్తే సీటు పట్టుకునేది కాగితాన్ని. నీళ్లు తగిలి అది మెత్తబడ్డాక సీటు గిర్రున తిరుగుతుంది. టేపు అంచులు సీటు చివర్ల దాకా రాకుండా చూసి, ఆ అంచులను ఎపాక్సీతో మూసేయండి.

అతికించే ముందు బ్లాంక్ మీద ఆ భాగం మెరుపు పోయేలా గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. అయిదు నిమిషాల్లో గట్టిపడే జిగురు వాడొద్దు, అది పెళుసు. నిదానంగా గట్టిపడేది రాసి, సీటు గుర్తును గైడ్ల వరుస గుర్తుతో కలిపి, ఒక రాత్రంతా కదపకుండా వదిలేయండి.

## 6. గైడ్ల అమరిక

ముందు ప్రతి గైడ్ రింగులోంచి చిన్న దూది ముక్క లాగి చూడండి. పోగు తట్టుకుంటే రింగులో పగులుంది, పక్కన పడేయండి. బ్రెయిడ్ లైను (సన్న పోగులు అల్లినది) వాడతారు కాబట్టి రింగు నాణ్యత దగ్గర పొదుపు చేయొద్దు. నాసిరకం రింగులో బ్రెయిడ్ గాడి కోస్తుంది, తర్వాత ఆ గాడే లైనును కోస్తుంది. ఫుజి వాళ్ల అల్కొనైట్, సిలికాన్ కార్బైడ్ రింగులు దీనికి తట్టుకుంటాయి.

గైడ్ పాదాల కొనలను ఆకురాయితో సన్నగా వాలు చేయండి. దారం బ్లాంక్ మీది నుంచి పాదం మీదికి మెట్టు లేకుండా ఎక్కాలి. పాదం అడుగున ఇనుప రజను ఉంటే అదీ తీసేయండి. రాడ్ వంగినప్పుడు ఆ రజనే బ్లాంక్‌ను గీరి, సరిగ్గా అక్కడే విరిగేలా చేస్తుంది.

టిప్‌ను కరిగే జిగురు కడ్డీతో, అంటే హాట్ గ్లూతో అంటించండి. రేపు రింగు పగిలితే వేడి చేసి మార్చుకోవచ్చు. వేడి జిగురుకే చూపండి, కార్బన్ కొనను మంటలో పెట్టొద్దు.

7 అడుగుల బెయిట్‌కాస్టింగ్ రాడ్డుకు (రీలూ గైడ్లూ పైన ఉండేది) టిప్ నుంచి అంగుళాల్లో ఈ కొలతలతో మొదలుపెట్టండి:

4, 8.5, 13.5, 19, 25.5, 32.5, 40.5, 50

ఇవి మొదలు మాత్రమే. బ్లాంక్ మారితే వంగే తీరు మారుతుంది. అసలు కొలత చెప్పేది బరువు పరీక్ష.

గైడ్లను సైకిల్ ట్యూబు కోసిన సన్నటి రబ్బరు చుట్టలతో తాత్కాలికంగా కట్టండి. రీలు బిగించి లైను అన్నిటిలోంచి పోనిచ్చి, చివర నీళ్ల సీసా కట్టండి. పిడిని మంచానికో బల్లకో బిగించి, సీసాలో నీళ్లు కొద్దికొద్దిగా పెంచుతూ రాడ్‌ను బాగా వంచండి. ఇప్పుడు పక్క నుంచి చూడండి. లైను బ్లాంక్ ఒంపును అనుసరిస్తూ నునుపుగా పోవాలి. ఏ రెండు గైడ్ల మధ్యనైనా లైను బ్లాంక్‌కు తగిలితే, లేదా ఒక గైడ్ దగ్గర మోచేతిలా కోణం తిరిగితే, ఆ గైడ్‌ను అర అంగుళం జరిపి మళ్లీ చూడండి. అన్నీ కుదిరాక తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఈ పనికి గంట పట్టినా పట్టనివ్వండి. ఒకసారి దారం చుట్టాక గైడ్‌ను కాస్త పక్కకు సర్దగలరు గానీ, ముందుకూ వెనక్కూ జరపలేరు.

రాడ్ కింద వేలాడే స్పిన్నింగ్ రీలుకైతే గైడ్లు కింది వైపు వస్తాయి, రీలుకు దగ్గరగా ఉండేది పెద్ద రింగు కావాలి. 25, 16, 10 సైజులతో దిగి, తర్వాతివన్నీ చిన్నవి పెట్టండి. పరీక్ష మాత్రం అదే.

## 7. దారం చుట్టడం

మొదటిసారి చుట్టేవాళ్లు ముందు వెదురు కర్ర మీద ఓ సాయంత్రం చేతులు తిప్పుకోండి.

1. గైడ్ పాదానికి మూడు, నాలుగు మిల్లీమీటర్ల అవతల మొదలుపెట్టండి. దారం తన చివర మీదే తాను దాటుతూ ఆరేడు చుట్లు వచ్చాక, మిగిలిన తోకను బ్లేడుతో కోసేయండి.
2. రాడ్‌ను తిప్పుతూ చుట్టు పక్కన చుట్టు చేర్చండి. సందు కనిపిస్తే గోటితో వెనక్కి నెట్టండి.
3. ఇంకా ఎనిమిది చుట్లు ఉందనగా, వేరే దారం ముక్కను మడిచి ఉచ్చులా పెట్టి, దాని మీదుగా చుట్టండి.
4. చివర దారాన్ని కోసి, కొసను ఉచ్చులో దూర్చి, ఉచ్చును లాగేయండి. కొస చుట్ల కిందికి వెళ్లిపోతుంది. మిగిలిన పోగును కొత్త బ్లేడుతో కోయండి.
5. నున్నటి పెన్ను మూతతో చుట్ల మీద నెమ్మదిగా రుద్దండి. చిన్న చిన్న సందులు మూసుకుపోతాయి.

బిగువు ఎంత ఉండాలంటే, చుట్టడం అయ్యాక కూడా గైడ్‌ను బొటనవేలితో గట్టిగా తోస్తే వెంట్రుకవాసి పక్కకు జరగాలి. అంతకన్నా బిగిస్తే పలుచటి గ్రాఫైట్ గోడ నలుగుతుంది. అన్నీ చుట్టాక పిడి వైపు నుంచి రింగుల్లోంచి చూస్తూ ఒక వరుసకు తెచ్చేది ఈ వెంట్రుకవాసి వల్లే.

రంగు గురించి ఒక మాట. మామూలు నైలాన్ దారం ఎపాక్సీ తగలగానే పారదర్శకంగా మారి రంగు లోతెక్కుతుంది. రంగు అలాగే నిలవాలంటే కలర్ ప్రిజర్వర్ (రంగు కాపాడే పూత) ముందు పూయాలి, లేదా రంగు మారని రకం దారం కొనాలి. ధర్మవరం మగ్గాల దగ్గర దొరికే పేనిన పట్టుపోగుతో అంచు చుట్లు వేస్తే ఎంత బాగుంటుందో చూస్తే గానీ తెలియదు. పట్టు కూడా పూత కింద ముదురుతుంది కాబట్టి ముందు కర్ర మీద చుట్టి, పూత వేసి, రంగు చూసుకున్నాకే రాడ్ మీద పెట్టండి. గైడ్‌ను పట్టి ఉంచే అసలు చుట్టు మాత్రం నైలాన్‌దే ఉండనివ్వండి.

## 8. ఎపాక్సీ పూత

ఎక్కువ రాడ్లు పాడయ్యేది ఇక్కడే. అందుకే కాస్త నెమ్మదిగా చదవండి.

రెండు సీసాలూ సరిగ్గా సమపాళ్లు పడాలి, కంటి అంచనా పనికిరాదు. ఒక్కో సీసాకు ఒక్కో సిరంజి కేటాయించి, మార్చకుండా వాడండి. మందుల షాపులో దొరికే రబ్బరు పిస్టన్ సిరంజీల లోపల జారడానికి సిలికాన్ నూనె ఉంటుంది. అది ఎపాక్సీలో కలిస్తే పూత మీద చేప కళ్లలా గుండ్రటి గుంటలు పడతాయి. రబ్బరు లేకుండా మొత్తం ప్లాస్టిక్‌తో చేసిన రెండు ముక్కల సిరంజి అడిగి తీసుకోండి.

వేడి పెరిగే కొద్దీ ఎపాక్సీ తొందరగా బిగుస్తుంది. 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపు. 25 డిగ్రీల దగ్గర చల్లగా పని చేసుకోవడానికి సీసా మీద రాసిన సమయం, 42 డిగ్రీల కర్నూలు మధ్యాహ్నంలో చేతికి దొరకదు. సగం గైడ్లు పూయకముందే పాకం ముదిరి బ్రష్షుకు తీగలు సాగుతుంది. ఎండాకాలంలో ఈ పనిని తెల్లవారుజామున పెట్టుకోండి. కలిపాక కప్పులోనే ఉంచితే తన వేడికి తానే ఉడుకుతుంది, అందుకని వెంటనే అల్యూమినియం రేకు మీద పలుచగా పోసేయండి. ఆ ఒక్క పనితో మీకు చాలా సమయం మిగులుతుంది.

వరుస ఇది:

1. చుట్ల మీద లేచిన నూగును దీపం మంటకు దూరంగా చూపి ఒక్క క్షణంలో తప్పించండి. తర్వాత చేతి నూనె అంటకుండా ముట్టుకోకండి.
2. ఎపాక్సీని మూడు నుంచి అయిదు నిమిషాలు నెమ్మదిగా కలపండి. కప్పు గోడలూ అడుగూ గీకుతూ కలపాలి. గిలకొడితే బుడగలు వస్తాయి.
3. రాడ్ తిరుగుతుండగా పలుచగా పూయండి. గైడ్ పాదం కింద ఉండే చిన్న సొరంగం రెండు మూతులూ నిండేలా చూడండి. నీళ్లు దూరేది అక్కడి నుంచే.
4. రెండు మిల్లీమీటర్లు చుట్టు దాటి బ్లాంక్ మీదికి వెళ్లనివ్వండి. అంచు దారం దగ్గరే ఆగితే తేమ లోపలికి పోతుంది.
5. బుడగలుంటే స్పిరిట్ దీపాన్ని కింద నుంచి చకచకా పోనివ్వండి. కొవ్వొత్తి, లైటర్ వద్దు, మసి పడుతుంది.
6. పది నిమిషాల తర్వాత కింద వేలాడే బొట్టును బ్రష్షుతో ఎత్తేయండి.
7. మూడు, నాలుగు గంటలు మోటారు ఆపొద్దు. తిరగడం ఆపితే పూత ఒక పక్కకు దిగి కడుపులా వేలాడుతుంది. కరెంటు పోతే చేత్తో అయిదేసి నిమిషాలకు సగం చుట్టు తిప్పండి.
8. ఒక రోజు ముట్టుకోకండి. రెండో పూత కావాలంటే అప్పుడే వేయండి. ఎక్కువ రోజులైతే ముందు తేలిగ్గా గరుకు చేయాలి.

లావుగా ఒక పూత కన్నా పలుచగా రెండు పూతలు వేయడం ఎప్పుడూ మంచిది. ఆఖరి పూత తర్వాత వారం ఆగి నీళ్లలోకి తీసుకెళ్లండి.

## 9. తప్పులు, వాటికి మందులు

పూత జిగటగా ఉండిపోయింది: పాళ్లు తప్పాయి, లేదా సరిగా కలవలేదు. మూడు రోజులు వెచ్చటి గదిలో పెట్టి చూడండి. అప్పటికీ అంటుకుంటుంటే, సరిగ్గా కొలిచి కలిపిన పలుచటి పూత ఇంకోటి దాని మీద వేయండి.

గుంటలు పడ్డాయి: సిలికాన్ నూనె లేదా చేతి జిడ్డు. గట్టిపడ్డాక తడి గరుకు కాగితంతో సమం చేసి, తుడిచి, మళ్లీ పూయండి. దారం దాకా రుద్దొద్దు.

గైడ్ వంకర పోయింది: చుట్టు తీయాల్సిందే. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, బ్లేడును గైడ్ పాదం మీదే ఆనించి నిలువునా కోసి ఒలిచేయండి. బ్లాంక్ మీద బ్లేడు పెట్టారా, ఆ గీత దగ్గరే రేపు రాడ్ విరుగుతుంది.

రీల్ సీటు కదులుతోంది: లోపల ఖాళీ ఉంది. కనిపించని చోట సన్నటి రంధ్రం ఫోమ్ వైపు నుంచి చేసి సిరంజితో పలుచటి ఎపాక్సీ పంపిస్తే కొన్నిసార్లు కుదురుతుంది. కుదరకపోతే కోసి కొత్తది పెట్టండి.

అతుకు ఇరుక్కుపోయింది: మెలితిప్పొద్దు. రాడ్‌ను మోకాళ్ల వెనక అడ్డంగా పట్టుకుని, చేతులు మోకాళ్ల బయట ఆనించి, మోకాళ్లను విడదీస్తూ తిన్నగా లాగండి. అతుక్కి అప్పుడప్పుడు కొవ్వొత్తి మైనం రుద్దితే ఈ బాధే ఉండదు.

## 10. రీలు, లైను, ఎర

కొత్తవాళ్లు స్పిన్నింగ్ రీలుతో మొదలుపెట్టండి, 3000 సైజు చాలు. డెక్క మధ్యలో గురి చూసి వేయాలనుకున్నప్పుడు బెయిట్‌కాస్టర్‌కు మారండి. దాని గేరు నిష్పత్తి (పిడి ఒక చుట్టుకు స్పూలు తిరిగే చుట్లు) 7 దగ్గర ఉంటే చేపను చకచకా లాగొచ్చు. రాడ్ ఏ రీలుకు కట్టారో అదే వాడాలి, మార్చుకోవడం కుదరదు. అందుకే ఈ నిర్ణయం గైడ్లు కొనకముందే తీసుకోండి.

లైను బ్రెయిడ్. నాచులోకి 40 నుంచి 50 పౌండ్లు, కాలువకు 20 నుంచి 30. స్పూలు మీద నేరుగా బ్రెయిడ్ చుడితే జారి మొత్తం ఉండ గిర్రున తిరుగుతుంది. అడుగున కొన్ని చుట్లు మామూలు నైలాన్ లైను వేసి, దాని మీద బ్రెయిడ్ కట్టండి.

ఎరల పెట్టె నింపుకోనక్కర్లేదు. లోపల డొల్లగా ఉండే మెత్తటి కప్పలు రెండు, ఒక స్పిన్నర్‌బెయిట్ (గిర్రున తిరిగే రేకు ఉన్న ఎర), కొన్ని మెత్తటి ప్లాస్టిక్ ఎరలు చాలు. కప్ప మీద చేప పేలినట్టు పడగానే చెయ్యి లాగొద్దు. లైను బరువెక్కే దాకా ఒక్క క్షణం ఆగి, అప్పుడు గట్టిగా కొట్టండి. చాలా చేపలు తప్పిపోయేది ఆ ఒక్క క్షణం ఓపిక లేకే.

వానకాలంలో నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ఉడికినట్టు కదులుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఎర వేస్తే కోపానికి కచ్చితంగా కొడతాయి. దయచేసి వేయకండి. పెద్దవి పోతే ఆ పిల్లల్ని పొద్దుగూకే లోపు మిగతా చేపలు మింగేస్తాయి.

## 11. బోటు కొనాలా?

వీడియోల్లో కనిపించే బాస్ బోటు 17 నుంచి 21 అడుగుల ఫైబర్ పడవ. వెనక పెద్ద ఇంజన్, ముందు కాలితో నడిపే కరెంటు మోటారు, నిలబడి విసరడానికి చదును అరుగు ఉంటాయి. వేల ఎకరాల సరస్సుల కోసం చేసినది. మన చెరువులకు అది అక్కర్లేదు, చాలాచోట్ల దింపడానికి దారి కూడా ఉండదు. మొదటి ఏడాది గట్టు మీదే ఆడండి.

ఆ తర్వాత కావాలంటే దారులు ఇవి.

పుట్టి: తుంగభద్ర ఒడ్డున దొరుకుతుంది. తేలిక, లోతు తక్కువ చోట్లకూ వెళ్తుంది. కానీ విసిరిన ప్రతిసారీ తిరుగుతుంది, ఒంటరిగా కుదరదు. తెడ్డు వేసే మనిషి తప్పనిసరి. నిలబడకండి.

గాలి నింపే బోటు: బైకు మీద తీసుకెళ్లొచ్చు. మన చెరువు నేలల్లో మునిగి ఎండిన కంప చెట్ల ముళ్లు దీనికి శత్రువులు. గదులు విడివిడిగా ఉన్నదే కొనండి, ఒకటి పోయినా తేలాలి.

పైన కూర్చునే గట్టి ప్లాస్టిక్ కయాక్: డబ్బు పెట్టగలిగితే నా ఓటు దీనికే. ముల్లుకు బెదరదు, నీళ్లు పడినా వాటంతటవే పోతాయి. మోయడానికి ఆటో కావాలి.

ఏది కొన్నా లైఫ్ జాకెట్ ముందు కొనండి, ఒంటి మీద కట్టుకోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా అనంతపురం వైపు గాలి ఎంత బలంగా ఉంటుందో రామగిరి గుట్టల మీది గాలిమరలే చెప్తాయి. ఆ రోజుల్లో పెద్ద జలాశయంలోకి దిగొద్దు. మామూలు రోజున కూడా ముందు గాలికి ఎదురుగా వెళ్లండి, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు గాలే ఒడ్డుకు తోస్తుంది.

## 12. బయల్దేరే ముందు

- చెరువు మత్స్యకారుల సంఘం చేతిలో ఉందా, లీజుకు ఇచ్చారా కనుక్కుని అనుమతి తీసుకోండి. వాళ్లు పిల్లలు వేసి పెంచిన చేప అది.
- బ్యారేజీ గేట్లు, తూములు, అలుగుల దగ్గర వద్దు. సుంకేసుల లాంటి చోట గేట్లెత్తితే కిందనున్న బండలు క్షణాల్లో మునుగుతాయి.
- శ్రీశైలం వెనక నీళ్లలో నల్లమల వైపు ఒడ్డు పులుల అభయారణ్యం. అటు వెళ్లకండి.
- సిమెంటు వేసిన కాలువ గట్టు పాకుడు పట్టి ఉంటుంది. జారితే ఎక్కడానికి పట్టు దొరకదు.
- గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు పారుతుంది. చెరువు కట్ట పక్క పొలాల మోటార్లకు వెళ్లే తీగలు చాలాచోట్ల కిందికి వేలాడుతుంటాయి. విసిరే ముందు తల పైకెత్తి చూడండి. ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి దూరంగా వెళ్లండి.
- రాడ్‌ను బోరు సామాను షాపులో దొరికే పీవీసీ పైపులో, రెండు చివర్లా మూతలు పెట్టి తీసుకెళ్లండి. లోపల పాత తువ్వాలు చుట్టండి. ఎండలో ఆపిన కారులో వదలొద్దు. ఆ వేడికి టిప్ జిగురు మెత్తబడి, ఇంటికొచ్చేసరికి రింగు పక్కకు తిరిగి ఉంటుంది.
- ఇంటికి రాగానే మంచినీళ్లతో గైడ్లు కడిగి, ఆరాక దూదితో రింగులు మళ్లీ ఒకసారి చూడండి.